శాకాహారి పిశాచి

ఈ మధ్య పిశాచాలకు మర్యాద తగ్గిపోయింది. నేను చెప్పేది మన ఊళ్ల చింతచెట్టు దయ్యాల గురించి కాదు. వాటి మర్యాద వాటికి ఇంకా ఉంది. రాత్రి తొమ్మిది దాటితే మా వీధి చివర చెట్టు కింద ఒంటరిగా పోయే మొనగాడు ఇప్పటికీ లేడు. నేను చెప్పేది ఇంగ్లీషు కథల్లో రక్తం తాగే పిశాచాల సంగతి. వాంపైర్లు అంటారే, అవి. ఒకప్పుడు వాటి కథ చదివితే జనం కిటికీలు మూసుకునేవాళ్లట. ఇప్పుడు వాటి ప్రేమకథలు చదివి కళ్లు తుడుచుకుంటున్నారు.

వేసవి సెలవుల్లో వరుసబెట్టి ఈ కథలే చదివాను. కొన్ని సినిమాలు కూడా చూశాను. మొదలుపెట్టింది నవ్వుకోవడానికే. చదువుతూ చదువుతూ ఒక ప్రశ్న దగ్గర ఇరుక్కుపోయాను. ఆ ప్రశ్న ఎక్కడో అమెరికాలో మొదలై మా ఇంటి పొట్టేలు దాకా వచ్చింది. ఎట్లా వచ్చిందో చెబుతాను.

ముందు పెద్దాయన్ని పలకరించాలి కదా. బ్రామ్ స్టోకర్ రాసిన 'డ్రాక్యులా' 1897లో వచ్చింది. సినిమాల్లో చూసిన నల్ల కోటు, నున్నగా దువ్విన తల మనసులో పెట్టుకొని పుస్తకం తెరిచాను. అందులో ఆయన తెల్ల మీసాల ముసలివాడు. అరచేతుల్లో వెంట్రుకలు, నోరు తెరిస్తే కంపు. అంత పెద్ద కోటలో పనివాడు ఒక్కడూ లేడు. అతిథిగా వచ్చిన హార్కర్ ఒకరోజు తలుపు సందులోంచి చూస్తే, దొరగారే స్వయంగా పక్క సర్దుతున్నారు, బల్ల మీద కంచాలు పెడుతున్నారు! అయితే ఆ రాత్రి తనను గుర్రపు బండిలో తీసుకొచ్చిన బండివాడు కూడా ఈయనేనా అని హార్కర్‌కు అప్పుడు తడుతుంది. ప్రపంచాన్ని గడగడలాడించిన పిశాచి ఇంట్లో దుప్పట్లు మడతపెట్టుకుంటూ బతికింది. అతిథి వచ్చిన రాత్రి కాల్చిన కోడి, జున్ను, మంచి ద్రాక్షసారా పెట్టి, తాను మాత్రం ముట్టుకోకుండా నాది అయిపోయింది అంటాడు. మా అవ్వ కూడా కూర తక్కువైన రోజు అట్లే అంటుంది. ఈ కాల్చిన కోడిని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

అంత నవ్వొచ్చినా ఆ పుస్తకంలో ఒక విషయం మాత్రం చాలా స్పష్టం. డ్రాక్యులా చెడ్డవాడు, అంతే. నీకేం కష్టం వచ్చింది నాయనా అని ఆయన్ని అడిగేవాళ్లు లేరు. పుస్తకమంతా డైరీలు, ఉత్తరాలు. హార్కర్ డైరీ ఉంది, మీనా డైరీ ఉంది, డాక్టర్ డైరీ ఉంది. డ్రాక్యులా డైరీ ఒక్క పేజీ లేదు.

సుమారు ఎనభై ఏళ్లకు, 1976లో, ఆన్ రైస్ అనే ఆమె ఆయన జాతివాళ్లకు మైకు ఇచ్చింది. 'ఇంటర్వ్యూ విత్ ద వాంపైర్' నవలలో లూయీ అనే పిశాచి ఒక కుర్రవాడి టేప్‌రికార్డర్ ముందు కూర్చొని తన కథంతా చెప్పుకుంటాడు. మనుషుల్ని చంపలేక కొన్నాళ్లు ఎలుకల రక్తం తాగి బతికానంటాడు. చదువుతుంటే జాలేస్తుంది. మైకు ఇస్తే ఎవరైనా మంచివాళ్లలాగే కనబడతారేమో అని నాకు అనుమానం వచ్చింది. మన బకాసురుడికి మైకు ఇచ్చి చూడండి: "ఏకచక్రపురానికి కాపలా ఎవరు కాస్తున్నారు? నేనే. శత్రువు ఒక్కడైనా వచ్చాడా? నా జీతం బండెడు అన్నం, రెండు దున్నపోతులు, ఒక మనిషి. మీ దగ్గర వాచ్‌మన్‌లు ఇంతకంటే తక్కువకు చేస్తారా?" అంటాడు. వింటే న్యాయంగానే ఉంటుంది, ఆ ఒక మనిషి మనం కానంతవరకు.

నియమాలు కూడా కథకొకటి మారిపోయాయి. ఎండ తగిలితే పిశాచి చస్తుందని అందరం అనుకుంటాం. స్టోకర్ డ్రాక్యులా పగటిపూట లండన్ వీధిలో తిరుగుతాడు, శక్తి కాస్త తగ్గుతుంది, అంతే. ఎండకు చావడం 1922లో వచ్చిన 'నోస్‌ఫెరాటు' అనే మూగ సినిమా చలవ. అనుమతి లేకుండా తీశారని స్టోకర్ భార్య కేసు వేస్తే, ఆ సినిమా కాపీలన్నీ నాశనం చెయ్యమని కోర్టు చెప్పింది. అయినా కొన్ని మిగిలాయి. పిశాచి సినిమా కదా, అంత సులభంగా చస్తుందా! ఇక వెల్లుల్లి. ఈ నియమం ఒక్కటి చాలు, తెలుగు ఇళ్లకు పిశాచాల భయం లేకపోవడానికి. ఆవకాయ జాడీ ఉన్న గదిలోకి ఏ డ్రాక్యులా అడుగుపెడతాడు?

అసలు మలుపు 2005లో వచ్చింది. స్టెఫనీ మేయర్ రాసిన 'ట్వైలైట్'. ఇందులో ఎడ్వర్డ్ ఎండలోకి వస్తే చావడు, వజ్రాల పొడి చల్లినట్టు మెరుస్తాడు. మా చిన్నమ్మ కూతురు ఈ సంగతి చెప్పినప్పుడు పట్టుచీర జరీ గురించి చెబుతోందనుకున్నాను. అతను 1918లో పదిహేడేళ్ల వయసులో పిశాచి అయ్యాడు, అప్పటినుంచి పదిహేడే. అప్పటినుంచి ఊరు మారినప్పుడల్లా మళ్లీ హైస్కూల్లో చేరుతూనే ఉన్నాడు. ఇది నాకు ఈ కథలన్నిటిలోకీ భయంకరమైన విషయం. రక్తం తాగడం ఒక లెక్కా? చావు లేని జీవితం వరంగా దొరికితే దాన్ని ప్లస్ టూ బయాలజీ క్లాసులో కూర్చొని ఖర్చుపెట్టడమా?

ఈ ఎడ్వర్డ్ కుటుంబం మనుషుల్ని చంపదు. అడవికి పోయి జంతువుల రక్తం తాగుతుంది. ఎడ్వర్డ్‌కు కొండసింహం ఇష్టం, అన్న ఎమెట్‌కు ఎలుగుబంటి ఇష్టం. అందుకని వాళ్లు తమలో తాము సరదాగా శాకాహారులం అని చెప్పుకుంటారు.

ఇక్కడ నేను పకపకా నవ్వాను. నవ్వి, పుస్తకం మూసి, కాసేపు అట్లే కూర్చున్నాను. కొండసింహాన్ని తిని శాకాహారి అంటే ఆ కొండసింహం ఏమనుకుంటుంది? కొండసింహమైతే కనీసం తిరగబడుతుంది. అది దొరకని రోజు వాళ్లు జింకలను కూడా తాగుతారు. జింకల ఊళ్లో ఒక స్టోకర్ పుడితే, అతను రాసే 'డ్రాక్యులా'లో దుష్టుడి పేరు ఎడ్వర్డే అయి ఉంటుంది. మనం ఎడ్వర్డ్‌ను మంచివాడు అన్నది ఎందుకు? మనల్ని తినడం లేదు కాబట్టి. మనకు వేరే లెక్క ఏమైనా ఉందా?

మరి మా అవ్వ? అవ్వకు ఈ కథంతా చెప్పాను. వక్క నములుతూ విన్నది.

"ఆ పిల్లోడు శనివారం గూడా తింటాడా?" అనింది.

"శనివారమని వాళ్లకేముంది అవ్వా. మనుషుల్ని మాత్రం ఏ రోజూ తినడు. అదే గొప్ప."

"మనుషుల్ని తినకపోతే గొప్పా? నేనూ డెబ్బై ఏండ్లుగా తినలేదు. నా గురించి ఎవురన్నా బుక్కు రాసిరా?"

దీనికి నా దగ్గర జవాబు ఉంది. ఎడ్వర్డ్‌కు మనిషి రక్తం మీద ఆకలి ఉంది, ఉండి కూడా ఆపుకుంటున్నాడు. అవ్వకు ఆ ఆకలే లేదు. ఆకలి లేనివాడు తినకపోవడంలో ఏమి గొప్ప? కాకరకాయ కూర మానేశానని మా తమ్ముడు చెప్పుకుంటే ఎవరు చప్పట్లు కొడతారు? టెర్రీ ప్రాచెట్ అనే హాస్య రచయిత 2000లో రాసిన 'ద ట్రూత్' నవలలో ఓటో అని ఒక పిశాచి ఉన్నాడు. వీళ్లందరిలో నాకు నచ్చింది అతనే. రక్తం మానేస్తానని ఒట్టుపెట్టుకున్నాడు. ఉద్యోగం ఏమిటంటే పత్రికలో ఫోటోగ్రాఫర్. ఫ్లాష్ వెలగగానే ఒళ్లంతా బూడిదై రాలిపోతాడు. ఆ బూడిద మీద ఒక్క చుక్క రక్తం పడితే మళ్లీ లేచి నిలబడతాడు, మళ్లీ ఫోటో తీస్తాడు, మళ్లీ బూడిద. వెలుతురు చంపుతుందని తెలిసీ వెలుతురుతోనే పని పెట్టుకున్నాడు. నేను మంచివాణ్ని అని అతను చెప్పుకోడు. ఈ రోజు తాగలేదు అన్నదే అతని లెక్క. ఆకలే పాపమైతే ఓటో పుట్టుకే పాపం. అట్లా అనడానికి నాకు నోరు రాదు.

కాబట్టి ఆకలిని బట్టి ఎవరినీ చెడ్డవాళ్లనకూడదు అని నిర్ణయించుకున్నాను. బాగానే ఉంది అనుకున్నాను. అప్పుడు చుక్కోడు గుర్తొచ్చాడు.

పోయిన ఏడు మారెమ్మ పండక్కని నాయన సంతలో పొట్టేలు పిల్లను కొనుక్కొచ్చాడు. నుదుట తెల్ల మచ్చ. చుక్కోడు అని పేరు పెట్టింది నేనే. ఎందుకు తెచ్చారో నాకు మొదటిరోజే తెలుసు, ఎవరూ దాచలేదు. నాలుగు నెలలు దానికి మునగాకు, అవిసాకు, చెనిక్కాయ కట్టె అన్నీ నేనే వేశాను. బడి నుంచి వచ్చి గేటు తీసిన చప్పుడైతే చాలు అరిచేది. డ్రాక్యులా హార్కర్‌కు కోడి కాల్చి పెట్టే చోటు చదువుతున్నప్పుడు, ఇంత ప్రేమగా పెడుతున్నాడే అని ముందు నవ్వి, తర్వాత నవ్వు ఆగిపోయింది. నేను మునగాకు పెట్టిందీ అట్లే కదా. ఇంకా చెప్పాలంటే నేనే నయం కాదు. హార్కర్‌కు అనుమానమైనా వచ్చింది, చుక్కోడికి అదీ రాలేదు.

పండగ రోజు గుడి ముందర అంత జనాన్ని, తప్పెట్ల మోతను చూసి బెదిరి వాడు కదలలేదు. తాడు పట్టి లాగితే కాళ్లు నేలకు తన్నిపెట్టాడు. "ఏమ్మే, నువ్వు పిలిస్తే వస్తాడు, పిలువు" అన్నారు. పిలిచాను. వచ్చాడు.

ఈ కథల్లో ఒక పాత నియమం ఉంది. ఇంటివాళ్లు లోపలికి రమ్మని పిలవకపోతే పిశాచి గడప దాటలేదు. ఆ నియమం చదివినప్పుడల్లా నా గొంతు నాకే వినిపిస్తుంది. మా దాంట్లో పిలిచింది పిశాచి, అంతే తేడా.

తర్వాత పసుపు నీళ్లు చల్లారు. చల్లినప్పుడు పొట్టేలు ఒళ్లు విదిలిస్తే ఒప్పుకున్నట్టు. చుక్కోడు విదిలించాడు, అందరూ సంతోషించారు. నాకు ఇప్పటికీ ఇది అర్థం కాదు. చన్నీళ్లు పడితే ఎవరైనా విదిలిస్తారు. సోమవారం పొద్దున అమ్మ నా ముఖాన నీళ్లు చల్లితే నేనూ విదిలిస్తాను, బడికి పోవడానికి ఒప్పుకున్నట్టా? కానీ ఇంకోలా కూడా ఆలోచించాను. అంత పాత కాలంలో కూడా, కత్తి ఎత్తే ముందు దాన్ని ఒక మాట అడగాలని ఎవరికో అనిపించింది. అడిగే పద్ధతి మోసమే కావచ్చు, అడగాలనిపించడం మోసం కాదేమో. టౌన్‌లో మటన్ షాపులో మనం ఎవరిని అడుగుతున్నాం? ముప్పావు కిలో, నల్ల కవరు, చిల్లర. 2014లో వచ్చిన 'వాట్ వి డు ఇన్ ద షాడోస్' అనే న్యూజిలాండ్ సినిమాలో నలుగురు పిశాచులు వెల్లింగ్టన్‌లో ఒకే ఇంట్లో అద్దెకుంటారు. ఐదేళ్లుగా అంట్లు ఎవరు తోమలేదని పోట్లాడుకుంటారు. అందులో ఒకాయన మహా శుభ్రం మనిషి. ఇంటికి పిలిచిన మనిషిని చంపే ముందు నేల మీద పాత పేపర్లు, సోఫా మీద తువ్వాలు పరుస్తాడు, మరకలు కాకూడదని. (ఈ సినిమా అన్నతో కలిసి సగం చూశాను. ఆ పేపర్లు పరిచే చోటికి అమ్మ వచ్చి ఆపేయించింది.) నల్ల కవరు చూస్తే నాకు ఆ పేపర్లే గుర్తొస్తున్నాయి.

చుక్కోడిని నేను తిన్నాను. రుచిగా ఉంది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది కానీ రాయకపోతే ఈ వ్యాసం కొండసింహాన్ని తిని శాకాహారిని అన్నట్టు అవుతుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరుసటి రోజు నుంచి మటన్ మానేశాను. నలభై రోజులు మానేశాను. నలభై ఒకటో రోజు పెద్దమ్మ వాళ్ల ఇంట్లో బిర్యానీ. ఓటో లాగా అక్కడ బూడిదైపోయాను. ఓటో అయితే లేచి మళ్లీ ఒట్టు నిలబెట్టుకుంటాడు. నేను ఇంకా బూడిదలోనే ఉన్నాను.

ఈ మాట క్లాసులో చెప్పినప్పుడు నా స్నేహితురాలు వెంటనే, "మరి వంకాయకు ప్రాణం లేదా?" అంది. ఈ ప్రశ్న ఎప్పుడూ మటన్ తినేవాళ్లే అడుగుతారు, వంకాయ మీద ప్రేమతో ఎవరూ అడగరు. అయినా దీనికీ ఒక పిశాచి ఉంది. 1979లో వచ్చిన 'బనిక్యులా' అనే పిల్లల పుస్తకంలో ఒక నలుపు తెలుపు కుందేలు రాత్రిపూట వంటింట్లో దూరి కూరగాయల రసం పీల్చేస్తుంది. పొద్దున్నే చూస్తే టమాటా కూడా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది. ఇది నిజమైన శాకాహారి పిశాచి. పాపం దాన్నీ వదల్లేదు. ఆ ఇంటి పిల్లి ఇది రాక్షసి అని నిశ్చయించుకొని దాన్ని చంపాలని చూస్తుంది. పిశాచి గుండెలో మేకు దిగ్గొట్టాలని పుస్తకంలో చదివి, ఇంగ్లీషులో మేకుకూ మాంసం ముక్కకూ పలకడం ఒకటే కాబట్టి, పచ్చి మాంసం ముక్క తెచ్చి కుందేలు గుండె మీద పెట్టి కొడుతుంది! మాంసం తినే పిల్లి, మాంసంతోనే, క్యారెట్ రసం తాగే కుందేలును రాక్షసి అని కొట్టడం. ఇంతకంటే మన గురించి బాగా ఎవరూ రాయలేదని నా అభిప్రాయం.

అవ్వను మళ్లీ అడిగాను. నువ్వు పెంచి నువ్వే ఎట్లా తింటావు అని.

"కడుపుతో ఉండేదాన్ని కొయ్యము. పాలు తాగే పిల్లను కొయ్యము. శనివారం ముట్టము" అని వేళ్ల మీద లెక్కపెట్టింది.

"తినడం తప్పు కాకపోతే ఈ లెక్కలెందుకవ్వా? తప్పే అయితే ఈ లెక్కలు చాలునా?"

అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. "చుక్కోడు అని పేరెందుకు పెట్టినావు?" అనింది చివరికి. "మేము ఎవురమూ పేరు పెట్టము. పేరు పెడితే తినలేము. నువ్వు పెట్టీ తింటివి."

అవ్వ తిట్టిందో మెచ్చుకుందో నాకు తెలియలేదు. కానీ అప్పటినుంచి ఒకటి అనిపిస్తోంది. ఎడ్వర్డ్ మీద నాకు కోపం జింకను తాగినందుకు కాదు. దానికి శాకాహారం అని పేరు పెట్టినందుకు. ఎలుకల్ని తిన్న లూయీ కనీసం ఎలుకల్ని తిన్నాను అన్నాడు. డ్రాక్యులా అయితే పేరే మార్చలేదు. కొత్త కథల్లో పిశాచాలు అందంగా, మంచిగా మారినకొద్దీ కథలోంచి మాయమైపోయేది తినబడేవాళ్ల ముఖం. స్టోకర్ పుస్తకంలో లూసీ అనే అమ్మాయి రోజురోజుకు ఎట్లా పాలిపోయిందో పేజీలకు పేజీలు ఉంది. ట్వైలైట్‌లో జింకకు ఒక్క పేరు లేదు.

మా తెలుగు సార్‌కు ఇదంతా చెబితే, మన బేతాళుడిని మరిచిపోయావే అన్నారు. నిజమే. 1870లో రిచర్డ్ బర్టన్ అనే ఇంగ్లీషు ఆయన విక్రమార్కుడి కథల్ని తన భాషలో రాస్తూ, దానికి 'విక్రమ్ అండ్ ద వాంపైర్' అని పేరు పెట్టాడు. ఇంట్లో పాత చందమామల్లో శంకర్ గారి బొమ్మ చూడండి. కత్తి పట్టుకున్న రాజు, భుజాన శవం, చుట్టూ శ్మశానం. ఆ శవంలో ఉన్నవాడు ఎవరి రక్తమూ తాగడు. కథ చెప్పి ప్రశ్న అడుగుతాడు. వాళ్ల పిశాచి రక్తం తాగితే మన పిశాచి బుర్ర తింటుంది. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుందని శాపం కూడా పెడుతుంది.

అందుకే బేతాళుడు నా భుజం మీద కూర్చున్నట్టు అనుకొని అడిగించుకున్నాను. రాజా, మనిషిని వదిలి జింకను తిన్న ఎడ్వర్డ్, పేరు పెట్టకుండా తిన్న అవ్వ, పేరు పెట్టి పిలిచి తిన్న నువ్వు, ఈ ముగ్గురిలో ఎవరిది ఎక్కువ తప్పు? చాలా రోజులైంది. నా తల ఇంకా పగల్లేదు కాబట్టి నాకు జవాబు నిజంగానే తెలియదని అర్థం.

ఈ ఏటి పిల్ల మొన్న ఆదివారం సంత నుంచి వచ్చింది. కుడి చెవి మీద నల్ల మచ్చ ఉంది. పేరు పెట్టాలా వద్దా అని మూడు రోజులుగా ఆలోచిస్తున్నాను. మునగాకు మాత్రం నేనే కోసుకొచ్చి వేస్తున్నా.